అనుమతి లేని లోగో: బోర్డు వేసినవాడూ బాధ్యుడే

సంపాదకులకు నమస్కారం.

కావలిలో నాది షాపుల బోర్డులు, స్టిక్కర్లు, కవర్ల మీద ప్రింటు వేసే చిన్న షాపు. పోయిన వారం ఒక కుర్రాడు వచ్చాడు. సెల్‌ఫోన్ రిపేరు షాపు పెడుతున్నాడట. ఫోన్‌లో ఒక పెద్ద కంపెనీ లోగో చూపించి, "అన్నా, ఇది పైన పెద్దగా వెయ్యి, మన పేరు కింద చిన్నగా ఉన్నా చాలు" అన్నాడు. కంపెనీ లెటర్ ఉందా అంటే నవ్వాడు. "రంగు కొంచెం మార్చెయ్యన్నా, ఎవరడుగుతారు!"

దాచేదేముంది, ఇలాంటి బోర్డులు నేనూ చాలానే వేశాను. మా వీధిలో ఒకాయనకు లాయర్ నోటీసు వచ్చి, నేను బిగించిన బోర్డును నాతోనే దింపించాక గానీ చట్టం ఏమంటుందో కనుక్కోలేదు. 1999 ట్రేడ్‌మార్కుల చట్టం 29వ సెక్షన్ ప్రకారం రిజిస్టరైన గుర్తునే కాదు, అదే వ్యాపారంలో జనం పొరబడేంత దగ్గరి పోలిక ఉన్నదాన్ని వాడినా తప్పే. రంగు మార్చినంత మాత్రాన బయటపడం. మా సంగతీ అందులోనే ఉంది. అనుమతి లేదని తెలిసీ లేబుళ్లు, ప్యాకింగు, ప్రకటనల మీద ఆ గుర్తు వేస్తే, వేసినవాడికీ అందులో భాగం ఉన్నట్టే. "పార్టీ ఇచ్చిన డిజైన్ వేశాం" అంటే కుదరదు. సరుకుకో సేవకో దొంగ ట్రేడ్‌మార్క్ తగిలించినట్టు కోర్టులో రుజువైతే 103వ సెక్షన్ కింద మామూలుగా 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా.

అలాగని రిపేరువాడు కంపెనీ పేరే ఎత్తకూడదని కాదు. "ఫలానా ఫోన్లు ఇక్కడ బాగుచేస్తాం" అని మామూలు అక్షరాల్లో నిజాయితీగా రాసుకోవడానికి 30వ సెక్షన్ వీలిస్తుంది. కంపెనీ సొంత సర్వీస్ సెంటర్ ఇదే అని నమ్మించేలా ఉండకూడదు, అంతే. కుర్రాడికి అదే చెప్పాను. మొహం మాడ్చుకుని పక్క షాపుకు పోయాడు. ఆ లోగోతోనే బోర్డు వేయించుకున్నాడు.

ఒక్క ప్రింటరు కాదంటే పోయేది వాడి బేరమే. అందుకే నెల్లూరులోని జిల్లా పరిశ్రమల కేంద్రం వారు మా ప్రింటర్లను ఒకసారి పిలిచి ఇవన్నీ తెలుగులో చెప్పాలి. మున్సిపాలిటీ వాళ్లు ట్రేడ్ లైసెన్స్‌తో పాటు ఒక పేజీ కరపత్రం చేతిలో పెట్టినా మేలే. సొంత లోగో రిజిస్టర్ చేయించుకునే దారి కూడా అందులో రాయాలి. చిన్న వ్యాపారికి ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి (అంటే ఒక్కో రకం సరుకుకో సేవకో) దరఖాస్తు ఫీజు 4,500 రూపాయలు, రిజిస్ట్రేషన్ 10 ఏళ్లు ఉంటుంది. మా దగ్గర ఒక మాదిరి ఎల్‌ఈడీ బోర్డుకే అంతకన్నా ఎక్కువవుతుంది.

— ఒక బోర్డు ప్రింటరు, కావలి