జవాను ఇంట్లో ఉన్న ఫోన్ గురించి

సంపాదకులు గారికి నమస్కారం.

మాది ఒడిశాలోని బరంపురం. సైన్యంలో ఫోన్, రేడియో పనులు చూసే సిగ్నల్స్ విభాగంలో లైన్‌మన్‌గా చేరి, 24 ఏళ్ల తర్వాత హవల్దారుగా రిటైరయ్యాను. మీ పత్రిక మా వీధిలో నాలుగిళ్లకు ఒకటే కాపీ. చేతులు మారి, మధ్యాహ్నం భోజనాలయ్యాక మా వదిన దగ్గరికి చేరుతుంది. ఆమె పుట్టిల్లు సోంపేట వైపు. పెళ్లయి ఇక్కడికొచ్చి 40 ఏళ్లు దాటినా ఒడియా మాట్లాడుతుంది గానీ చదవలేదు. ఆమె చదివేది తెలుగొక్కటే. ఆమె కొడుకు సైన్యంలో ఉన్నాడు. ఈ ఉత్తరం ముందు ఆమెలాంటి వాళ్ల కోసం రాస్తున్నాను.

ఆధునిక యుద్ధం మీద మీరు ఈమధ్య వేసిన వ్యాసం మా నాలుగిళ్లవాళ్లం చదివాం. ఉపగ్రహాలు, డ్రోన్లు, కంప్యూటర్లు, వాటన్నిటినీ కలిపే నెట్‌వర్క్ గురించి బాగా రాశారు. అయితే చదివిన మావాళ్లంతా ఇదేదో ఢిల్లీలో పెద్ద పెద్ద తెరల ముందు జరిగే వ్యవహారం అనుకున్నారు. జవాను ఇంట్లో ఛార్జింగుకు పెట్టిన ఫోన్ కూడా ఆ యుద్ధంలో ఉందని ఎవరికీ తట్టలేదు.

మాకు 16 కిలోమీటర్ల దూరంలో గోపాల్‌పూర్. దాని పక్కనే గోలాబంధలో, శత్రు విమానాల్ని, డ్రోన్లను కూల్చడం నేర్పే ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది. ఎయిర్ డిఫెన్స్ గన్నర్లు నేర్చుకునే వాటిలో ఎల్-70 ఒకటి. 40 మిల్లీమీటర్ల తుపాకీ, స్వీడన్ బోఫోర్స్ డిజైను, మన సైన్యంలోకి 1960ల్లో వచ్చింది. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ సమయంలో డ్రోన్లు గుంపులుగా వచ్చినప్పుడు వాటిని కూల్చడంలో, మార్పులు చేసిన ఈ పాత తుపాకీ కూడా ఉంది. అంత పాతది ఎలా అక్కరకొచ్చిందో తెలియాలంటే, ముందు మా రోజుల్లో పని ఎలా నడిచేదో చెప్పాలి.

నా సర్వీసు మొదట్లో రాడార్ దగ్గర కూర్చున్నవాడు విమానం కనబడగానే ఫోన్‌లో నోటితో చెప్పేవాడు. అవతల కంట్రోల్ పోస్టులో ఇంకొకడు అది విని, మ్యాపు మీద పరిచిన ప్లాస్టిక్ షీటు మీద చైనాగ్రాఫ్ అనే మైనపు పెన్సిల్‌తో గుర్తు పెట్టేవాడు. అధికారి ఆ గుర్తులు చూసి, మనదా పరాయిదా తేల్చుకుని, మళ్లీ గన్ దగ్గరికి ఫోన్ చేయించేవాడు. ఆ తీగలు వేసింది మాలాంటి వాళ్లమే. తీగ ఎంత బాగున్నా, ముగ్గురు మనుషుల నోళ్లు, చెవులు దాటేసరికి విమానం ఎక్కడికో వెళ్లిపోయేది.

ఇప్పుడు ఆకాశ్‌తీర్ అనే కంప్యూటర్ వ్యవస్థ వచ్చింది. రక్షణ శాఖ 2023 మార్చిలో భారత్ ఎలక్ట్రానిక్స్‌తో 1,982 కోట్ల రూపాయలకు దీని ఒప్పందం చేసుకుంది. వేర్వేరు చోట్ల ఉన్న రాడార్లు చూసిందంతా ఒకే చిత్రంగా కలిపి, కాల్చవలసిన వాళ్ల ముందు పెడుతుంది. వైమానిక దళం నెట్‌వర్క్‌తోనూ కలుస్తుంది. ఒక రాడార్‌కు కొండ అడ్డొస్తే పక్కదానికి కనబడింది దీనికీ కనబడుతుంది. తుపాకీ పాతదే, దానికి చూపు కొత్తగా వచ్చింది.

ఇందులో అసలు సంగతి ఒక్కటే. ఏ రాడారూ ఒంటరిగా అంతా చూడలేదు. ఒక్కొక్కటి ఒక్కో ముక్క చూస్తుంది, ముక్కలు కలిస్తే బొమ్మ తయారవుతుంది. ఆ ముక్కలు రాడార్ల నుంచే రావాలని లేదు. ఫోన్ల నుంచి కూడా రావచ్చు. మా ఇంట్లో జరిగింది అదే.

మా అన్నయ్య కొడుకు గన్నర్. 2025 మేలో సెలవులో ఉండగానే పిలుపొచ్చి వెళ్లిపోయాడు. ఆ రాత్రి కోడలు వాట్సాప్‌లో స్టేటస్ పెట్టింది. యూనిఫాంలో అతని ఫొటో, కింద అతను వెళ్తున్న ఊరి పేరు, అందరూ దీవించమని రెండు మాటలు. మర్నాడు పొద్దున్న మా వీధి కుర్రాడొకడు స్టేషన్‌లో మిలిటరీ రైలు వెళ్తుంటే ప్లాట్‌ఫామ్ మీద నిలబడి మొదటి నుంచి చివర దాకా వీడియో తీసి, మా కుటుంబాల గ్రూపులో వేశాడు. వ్యాగన్లు, టార్పాలిన్ల కింద బండ్ల ఆకారాలు, వెనకాల స్టేషన్ గడియారం, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. మధ్యాహ్నానికి ఖుర్దా రోడ్డులో ఉండే చుట్టం ఒకాయన "మా స్టేషన్ దాటింది, జై జవాన్" అని అదే రైలును తీసి అదే గ్రూపులో పెట్టాడు.

విడివిడిగా చూస్తే ఎందులోనూ తప్పు కనబడదు. కానీ నేను 24 ఏళ్లు చేసిన పని ముక్కల్ని కలిపే పనే. కోడలి స్టేటస్‌లో మనిషెవరో ఉంది, భుజం మీది గుర్తుల్లో ఏ విభాగమో ఉంది, ఎక్కడికో ఉంది. కుర్రాడి వీడియోలో ఎన్ని వ్యాగన్లో, ఎన్ని గంటలకో ఉంది. మూడోది కలిపితే రైలు ఎంత వేగంతో పోతోందో, రాత్రికి ఎక్కడ ఉంటుందో లెక్క కట్టవచ్చు. మూడు ఫోన్లు మూడు రాడార్లయ్యాయి. మాకు తెలియకుండానే మేం ఎవరికో ఒక ఆకాశ్‌తీర్ కట్టిపెట్టాం.

"మావయ్యా, అందరూ పెడుతున్నారు కదా, నేను దీవించమనే కదా అడిగాను" అంది కోడలు. ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు చూశాక గట్టిగా అనలేకపోయాను. వెంటనే తీసేసింది. అప్పటికే అరవైమందికి పైగా చూశారు. ఎంతమంది ఫోన్లలో దాని ఫొటో ఉండిపోయిందో ఎవరికి తెలుసు?

రెండు రోజుల తర్వాత వదినకు తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది. యూనిట్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నామని హిందీలో చెప్పి, మీ అబ్బాయి ఇప్పుడు ఏ చోట ఉన్నాడు, కొత్త నంబరేమిటి అని అడిగారట. వదిన భయపడి పెట్టేసింది. ఆ కాల్ స్టేటస్ వల్లే వచ్చిందని నేను అనను. ఏ యూనిట్ ఆఫీసూ తన జవాను ఎక్కడున్నాడని తల్లిని అడగదని మాత్రం ఖాయంగా చెప్పగలను. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ నిద్రలేదు. వాడికేమైనా అయితే మన చేతులారా చేసినట్టేనా అని ఒకటే టెన్షన్.

కుర్రాడిని కూర్చోబెట్టి చెబితే వాడొక ప్రశ్న వేశాడు. వాళ్లకు శాటిలైట్లు ఉన్నాయి కదా తాతా, నా వీడియోతో పనేముంది అన్నాడు. మంచి ప్రశ్నే. ఉపగ్రహం ఎప్పుడూ మన నెత్తి మీదే నిలబడి ఉండదు. తన దారిన వచ్చిపోయే వేళ ఉంటుంది, మబ్బు పడితే కెమెరాకు కనబడదు. టార్పాలిన్ కింద బండి ఏ యూనిట్‌దో, దాంట్లో వెళ్లినవాడి భార్య పేరేమిటో పైనుంచి తెలియదు. ఆ లోటు ఫోన్ పూడుస్తుంది.

బయట దేశాల్లో జరిగినవీ వాడికి చెప్పాను. పరుగులు నమోదు చేసే స్ట్రావా యాప్ ప్రపంచమంతటా తన వాడుకదారులు తిరిగిన దారుల్ని ఒక మ్యాపుగా వేసింది. 2018 జనవరిలో ఆ మ్యాపును పరిశీలించినవాళ్లకు అఫ్గానిస్తాన్, సిరియా ఎడారుల్లో సైనిక స్థావరాల ఆకారాలు వెలుగుతూ కనిపించాయి. పాపం ఆ జవాన్లు ఆరోగ్యం కోసం పరుగెత్తారు, అంతే. 2023 కొత్త సంవత్సరం వచ్చిన రాత్రే రష్యా ఆధీనంలో ఉన్న మకీవ్కా పట్టణంలో జవాన్లు దిగిన భవనం మీద ఉక్రెయిన్ రాకెట్లు పడ్డాయి. 89 మంది చనిపోయారని, వద్దన్నా సెల్‌ఫోన్లు వాడటమే ప్రధాన కారణమని రష్యా రక్షణ శాఖే ప్రకటించింది. అంతమందిని ఒకేచోట పడుకోబెట్టిన అధికారుల తప్పును చనిపోయిన కుర్రాళ్ల ఫోన్ల మీదికి నెట్టారని నాకనిపిస్తుంది. అయినా ఫోన్ వెలిగినచోటు దొరుకుతుందన్నది మాత్రం నిజం.

సిగ్నల్స్‌లో మాకు మొదట నేర్పేది ఇదే. రేడియో బటన్ నొక్కావంటే నీ మాటే కాదు, నువ్వున్న దిక్కు కూడా అవతలివాడికి తెలుస్తుంది. అందుకే రేడియో సైలెన్స్, అంటే రేడియో అసలు నొక్కకుండా ఉండటం, పాటిస్తాం, అందుకే అంత కష్టపడి తీగ వేస్తాం. 1999లో కార్గిల్ యుద్ధంలో ద్రాస్ దగ్గర ఫిరంగి గుండు పడి తీగ తెగితే, రాత్రిపూట తీగను అరచేతిలోంచి జారనిస్తూ చీకట్లో నడిచేవాళ్లం, తెగిన కొస తగిలేదాకా. టార్చి వేయకూడదు. రెండో కొస వెతికి, కలిపి, టేపు చుట్టి, అవతల నుంచి గొంతు వినబడితే ప్రాణం లేచొచ్చేది. ఆ తీగల కాలం పోయిందనుకున్నాను. ఇప్పుడు రష్యా, ఉక్రెయిన్ రెండూ వెంట్రుకలాంటి గాజు తీగను పది కిలోమీటర్లకు పైగా వదులుకుంటూ ఎగిరే డ్రోన్లు వాడుతున్నాయి. ఆదేశాలు ఆ తీగలోనే వెళ్తాయి. రేడియో వాడదు కాబట్టి, రేడియో సంకేతాల్ని అడ్డుకునే జామర్ దాన్ని ఆపలేదు. ఆ డ్రోన్ ఫొటో మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు అలాగే ఉండిపోయాను. ఇంత సాంకేతికత ఉన్నవాళ్లు కూడా గప్‌చిప్‌గా ఉండటం కోసం తీగ లాక్కుంటూ పోతున్నారు. మనం మాత్రం స్టేషన్ ప్లాట్‌ఫామ్ మీద నిలబడి అందరికీ వినబడేలా చెబుతున్నాం.

2020 జులైలో సైన్యం తన వాళ్లను 89 యాప్‌లు తీసేయమంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ కూడా అందులో ఉన్నాయి. అది మంచి పనే. కానీ జవాను ఫోన్ శుభ్రం చేస్తే చాలదు. అతని భార్య ఫోన్, తమ్ముడి ఫోన్, పక్కింటి కుర్రాడి ఫోన్ సంగతేమిటి? వాళ్లకు ఎవరు చెబుతారు? చెప్పేవి కొన్ని ఉన్నా మా జిల్లాలో అవి ఒడియాలోనో హిందీలోనో ఇంగ్లిషులోనో ఉంటాయి. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో మా వదినలాంటి తల్లులకు చేరవు. ఇది దూరాన ఉన్న ముప్పు కూడా కాదు. 2021 సెప్టెంబరులో మన ఒడిశాలోనే, చాందీపూర్ క్షిపణి పరీక్షా కేంద్రంలో పనిచేసే కాంట్రాక్టు ఉద్యోగుల్ని, రహస్యాలు బయటివాళ్లకు చేరవేస్తున్నారన్న ఆరోపణపై పోలీసులు అరెస్టు చేశారు.

మీరు చేయగలిగింది ఉంది. 2008లో ముంబై దాడుల వేళ టీవీల్లో ప్రత్యక్ష ప్రసారాలు చూస్తూ అవతలివాళ్లు ఫోన్లో ఉగ్రవాదుల్ని నడిపించారు. 2025 ఏప్రిల్ 26న కూడా సైనిక కదలికల్ని ప్రత్యక్షంగా చూపొద్దని కేంద్రం మీడియాకు సూచన ఇచ్చింది. పత్రికలు ఇవన్నీ ఎరుగును. కానీ జిల్లా పేజీల్లో సెలవుపై వచ్చిన జవాన్లకు సన్మానం వార్తలు వస్తుంటాయి, పేరు, ఊరు, తండ్రి పేరు, యూనిట్, పనిచేసే చోటు అన్నీ ఒకే పేరాలో. అభిమానంతో వేస్తారని తెలుసు. ఫొటో వేయండి, ఊరి పేరు వేయండి. యూనిట్, పనిచేసే చోటు మాత్రం దయచేసి వదిలేయండి.

సరిహద్దులో ఉద్రిక్తత వచ్చిన రోజుల్లో మీ జిల్లా పేజీలో చిన్న పెట్టె కట్టి జవాన్ల ఇళ్లవాళ్లకు తెలుగులో నాలుగు మాటలు వేయమని కూడా కోరుతున్నాను. మిలిటరీ రైళ్లను తీయొద్దు. మనవాడు ఎక్కడున్నాడో, ఎప్పుడు బయల్దేరాడో పెట్టొద్దు. యూనిట్ పేరుతో ఫోనొస్తే ఏమీ చెప్పకుండా పెట్టేసి, మనవాడు ఇచ్చి వెళ్లిన నంబరుకు మనమే చేసి కనుక్కోవాలి. జిల్లా సైనిక సంక్షేమ అధికారులు కూడా పింఛను పనుల కోసం వచ్చే వాళ్ల చేతికి ఇదే కాగితం తెలుగులో ఇవ్వాలి.

ఆ కాగితం నేను రాసి ఉంచాను. వదిన చేత చదివించాను. 'లొకేషన్' అన్న చోట ఆగిపోయి, అదేమిటని అడిగింది. దాన్ని 'ఉన్న చోటు' అని మార్చాను. మీరు వేస్తామంటే పంపుతాను.

ఇట్లు
విశ్రాంత హవల్దారు, సిగ్నల్స్ విభాగం
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా