కాశీ పొలాల్లో కురిసిన రాళ్లు

ప్రియమైన మాధవా,

డిసెంబరులో కాశీకి వెళ్తున్నావని చదివి ఎంతో సంతోషించాను. విశ్వనాథుని దర్శనం, గంగాస్నానం గురించి నీకు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు కనుక, నేను ఎన్నాళ్లుగానో మనసులో పెట్టుకున్న మరో కాశీ సంగతి చెబుతాను.

1798 డిసెంబరు 19 రాత్రి ఎనిమిది గంటల వేళ, మబ్బు తునకైనా లేని ఆకాశంలో పెద్ద అగ్నిగోళం కనిపించింది. ఉరుముల వంటి చప్పుడుతో, కాశీకి 14 మైళ్ల దూరాన గోమతీ తీరంలో ఉన్న క్రాఖుత్ అనే పల్లె పొలాల్లో రాళ్లు కురిశాయి. మట్టి కొత్తగా పెళ్లగించినట్లున్న చోట్ల తవ్వితే ఆరంగుళాల లోతున అవి దొరికాయి. ఒక కావలివాడి గుడిసె కప్పును చీల్చుకొని రెండు పౌండ్ల రాయి లోపలికి పడింది. ఆ మనిషి ఆ రాత్రి ఎలా గడిపాడో అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

ఆకాశం నుంచి రాళ్లు పడతాయంటే అప్పటి ఐరోపా పండితుల్లో చాలామంది నమ్మేవారు కాదు. పామరుల భ్రమ అనో, పిడుగుపాటుకు మాడిన నేలరాళ్లనో కొట్టివేసేవారు. కాశీలో ఉంటున్న జాన్ లాయిడ్ విలియమ్స్ మాత్రం చూసినవాళ్లను ఓపికగా విచారించి, రాళ్లు సేకరించి, ఆ వృత్తాంతాన్ని రాసి పెట్టాడు. మబ్బే లేని రాత్రి పిడుగు వాదం ఎలా నిలుస్తుంది?

ఆ రాళ్లను లండన్‌లో ఎడ్వర్డ్ హోవార్డ్ అనే రసాయన శాస్త్రవేత్త, ఇంగ్లండ్‌లోని వోల్డ్ కాటేజ్‌లోనూ, ఇటలీలోని సియెనాలోనూ, బొహీమియాలోని టాబోర్‌లోనూ పడిన రాళ్లతో కలిపి పరీక్షించి, 1802లో ఫలితాలు ప్రకటించాడు. ఎంతో దూరదూరాల్లో పడిన ఆ నాలుగింటిలోనూ నికెల్ కలిసిన ఇనుప రేణువులే ఉన్నాయి. ఆయనకు తోడుగా పనిచేసిన ఫ్రెంచి ఖనిజవేత్త బూర్నాన్, నల్లని పెంకు కింద ఉన్న బూడిదరంగు రాతిలో ఇసుక రేణువంత నుంచి బఠాణీ గింజంత వరకు ఉన్న గుండ్రని పూసలను గమనించి వర్ణించాడు. వాటినే ఇప్పుడు కాండ్రూల్స్ అంటున్నారు. సుమారు 450 కోట్ల ఏళ్ల క్రితం, సూర్యకుటుంబం రూపు కడుతున్నప్పుడు, కరిగిన బిందువులు గడ్డకట్టి అలా తయారయ్యాయి. భూమి కన్నా ముందు పుట్టిన ఆ పూసలు ఒక కావలివాడి గుడిసెలోకి వచ్చి పడ్డాయన్న మాట నన్ను వదలదు.

ఆ రాళ్ల ముక్కలు లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్నాయి. నీకు వీలుంటే గోమతి వెంట ఆ పొలాల వైపు ఒకసారి వెళ్లు. డిసెంబరు చలిలో అక్కడ ఏ పైరు ఉంటుందో, రాత్రి ఆకాశం ఎంతవరకు తేటగా కనిపిస్తుందో నాకు తెలియజేయి.

నీ
రఘు