గ్రానైట్ సంఘాల సేవ చలివేంద్రాలతో సరా?

చీమకుర్తి చుట్టుపక్కల చిన్న గ్రానైట్ యూనిట్లు సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) చట్టం పరిధిలోకి రావు కాబట్టి, ఆ బాధ్యతను వాటి వ్యాపార సంఘాలే నెత్తికెత్తుకోవాలి. 2013 కంపెనీల చట్టం ప్రకారం రూ.500 కోట్ల నికర విలువ, రూ.1,000 కోట్ల టర్నోవర్, రూ.5 కోట్ల నికర లాభంలో ఏదో ఒకటి ఉన్న కంపెనీలే సగటు లాభంలో 2 శాతం ఖర్చు చేయాలి. సొంతంగానో, భాగస్వామ్యంలోనో నడిచే యూనిట్లను అడిగేవారే లేరు. దుమ్ము మాత్రం అందరిదీ ఒకటే. పాలిషింగ్ స్లర్రీని (రాయి పాలిష్ చేసేటప్పుడు వచ్చే రాతిపొడి బురద) రోడ్ల పక్కనే పోస్తున్నారు. అది ఎండి, లారీ వెళ్లిన ప్రతిసారీ తెల్లగా లేస్తుంది. రాయి కోసే కుర్రాళ్లు ముక్కుకు తువ్వాలు కట్టుకుని పనిచేస్తున్నారు. ఊపిరితిత్తులను దెబ్బతీసే సిలికా దుమ్ముకు తువ్వాలు అడ్డమా? సంఘాలు ఎండాకాలం చలివేంద్రాలు పెడుతున్నాయి, మంచిదే (బ్యానర్‌పై ఫొటోలు కాస్త ఎక్కువే). ధరల విషయంలో ఒక్క మాట మీద నిలబడే సభ్యులు దీనికీ నిలబడొచ్చు. లోడుకు ఇంతని వసూలు చేసి ప్రత్యేక ఖాతాలో వేయాలి. దాంతో ముందు కార్మికులకు ఏటా ఛాతీ ఎక్స్‌రే, సరైన మాస్కులు, ఆపై స్లర్రీకి ఉమ్మడి డంపింగ్ యార్డు ఏర్పాటు చేయాలి. ఆ లెక్కలు సంఘం ఆఫీసు గోడ మీద అంటించాలి. రోడ్డు పక్కన స్లర్రీ పోసే యూనిట్‌కు సభ్యత్వం రద్దు చేయాలి.

- ఓ పాఠకుడు, ఒంగోలు