అడవినాభి ఎండిపోయిందని పారెయ్యకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

వానలు మొదలయ్యాయంటే చాలు అడవినాభి పూలతీగ ఎక్కడ దొరుకుతుందండీ అని అడిగేవాళ్ళు ఎక్కువైపోయారు, కొందరైతే ట్రెక్కింగ్‌కి వెళ్ళి దుంపతో సహా పెకలించి తెచ్చామని సంబరంగా చెప్తున్నారు, ఆ మాట విని ఊరుకోలేక ఈ లెటర్ రాస్తున్నా.

అగ్నిశిఖ అని కూడా అంటాం దీన్ని. తూర్పు కనుమల అడవుల్లో తొలకరికి పొదల మధ్యలోంచి లేస్తుంది, ఆకు కొసే నులితీగలా మెలితిరిగి పక్క కొమ్మని పట్టుకుని పాకుతుంది. పువ్వుకి ఆరు రేకులు, అంచులు అలలు అలలుగా ఉండి అన్నీ వెనక్కి విరుచుకుని అచ్చం మంటలాగే ఉంటాయి, విచ్చినప్పుడు పసుపు, రెండ్రోజులకి నారింజ, తర్వాత ఎరుపు, ఒకే తీగ మీద ఈ రంగులన్నీ ఒక్కసారే కనిపిస్తుంటే కళ్ళు తిప్పుకోలేం. తమిళనాడు రాష్ట్ర పుష్పం ఇదే, జింబాబ్వేకి జాతీయ పుష్పం.

పెంచడం కష్టమేం కాదు కానీ దుంప సంగతి తెలియాలి. నాగలి ఆకారంలో వంగి ఉంటుంది (సంస్కృతంలో లాంగలి అన్నది అందుకే), మొలక వచ్చేది దాని కొసల్లోంచే. ఆ కొస విరిగితే ఇక అటువైపు మొలవదు, బంగాళాదుంపలా ముక్కలు కోసి పాతితే కుళ్ళిపోతుంది, నేను మొదట్లో చేసిన పని అదే. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి లోతైన కుండీలో దుంపని అడ్డంగా పడుకోబెట్టి రెండంగుళాల మట్టి కప్పండి, నీళ్ళు నిలవకూడదు, మొదలు నీడలో ఉండి తీగ ఎండలోకి పాకితే బాగా పూస్తుంది. పందిరికి లావు కర్రలొద్దు, నులితీగ వాటిని చుట్టుకోలేదు, సన్న పుల్లలో వలో కట్టండి.

పూలయ్యాక ఆకులు పసుపెక్కి తీగంతా ఎండిపోతుంది, చాలామంది చచ్చిపోయిందనుకుని కుండీ ఖాళీ చేసేది అప్పుడే, రెండో ఏడు నేనూ అలాగే పారబోశాను, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అది చావడం కాదండీ, పాత దుంప కరిగిపోయి దాని చోట కొత్త దుంప ఊరి లోపల నిద్రపోతుంది, అందుకే పచ్చగా ఉన్నప్పుడు తీగ కొయ్యకూడదు, ఎండాక నీళ్ళు పూర్తిగా ఆపేసి వానలదాకా కుండీని తడి తగలని చోట ఉంచితే చాలు, మళ్ళీ అదే లేస్తుంది.

విషం సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. మొక్క అంతా విషమే, దుంపలో గింజల్లో మరీ ఎక్కువ. అందులో ఉండే కాల్చిసిన్ అనే విషపదార్థంతోనే గౌట్ అనే కీళ్ళ జబ్బు నొప్పులకి మందు తయారవుతుంది, తమిళనాడు రైతులు గింజల కోసం సాగు చేసేది అందుకే, కానీ తినే దుంపనుకుని పొరపాటున వండుకుని ప్రాణాలు పోయినవాళ్ళున్నారు, ఉడికించినా విషం పోదు. గ్లవ్స్ వేసుకుని ముట్టుకోండి, పసిపిల్లలు, పెంపుడు జంతువులు ఉన్న ఇంట్లో అసలు పెట్టొద్దు. అమ్మే నర్సరీలు కుండీకి ఒక హెచ్చరిక చీటీ కట్టాలని నా గట్టి అభిప్రాయం, నేను కొన్నప్పుడు ఒక్కరూ ఈ మాట చెప్పలేదు.

ఇక అడవిలోంచి తవ్వడం. మందుల కోసం ఇప్పటికే ఏళ్ళ తరబడి తవ్వేసి చాలా చోట్ల పలచబడిపోయింది, మనం కూడా సరదాకి పెకలిస్తే ఏం మిగులుతుంది చెప్పండి. పెంచుతున్నవాళ్ళ దగ్గర దుంప అడగండి, లేదా గింజలు తీసుకోండి. పుప్పొడి అందుకునే కాడ పువ్వులో పక్కకి తిరిగి ఉంటుంది కాబట్టి ఇంటి దగ్గర కాయ కట్టాలంటే పొద్దున్నే చిన్న బ్రష్‌తో పుప్పొడి అంటించాలి, కాయ ఎండి పగిలితే లోపల ఎర్రటి గింజలు. మొలవడానికి నెలలు పడుతుంది, పువ్వు చూడ్డానికి మూడు నాలుగేళ్ళు. నా గింజల మొక్కలకి ఇది మూడో వానాకాలం, మొన్న ఒకదానికి మొగ్గ కనిపించింది.

ఇట్లు
మీ పాఠకురాలు