బోణీ వేళ బేరం చెడగొట్టకండి

సంపాదకులకు నమస్కారం.

విజయవాడ బీసెంట్ రోడ్డు పక్క సందులో 31 ఏళ్లు బట్టల కొట్టు నడిపినవాణ్ని. ఈమధ్య మా అమ్మాయి, అల్లుడు మా ఇద్దరినీ వియత్నాం తీసుకెళ్లారు. మనవాళ్లు అక్కడికి బాగా వెళ్తున్నారు కాబట్టి నేను చూసిన ఒక సంగతి చెప్పాలనిపించింది.

హనోయ్‌లో 1889 నాటి డోంగ్ సువాన్ మార్కెట్‌కి పొద్దున్నే వెళ్లాం. ఎక్కువగా హోల్‌సేల్ సరుకే, మన విజయవాడ హోల్‌సేల్ బట్టల మార్కెట్ వస్త్రలత గుర్తొచ్చింది. ఒక కొట్టు దగ్గర తెలుగువాళ్లే నలుగురు స్కార్ఫులు బేరం చేస్తున్నారు. కొట్టు ఆవిడ అప్పుడే మూటలు విప్పి సర్దుకుంటోంది. పావుగంట సేపు మడతలన్నీ విప్పించారు. ఆవిడ క్యాలిక్యులేటర్ మీద చూపించిన ధరలో మూడో వంతుకి అడిగారు. ఆవిడ సగానికి దిగొచ్చినా, "నడవండి, తనే వెనక్కి పిలుస్తుంది" అనుకుంటూ వెళ్లిపోయారు. ఆవిడ పిలవలేదు. ఒక కాగితం ముక్క వెలిగించి కొట్టు ముందు అటూ ఇటూ తిప్పింది.

అదేంటని మా గైడ్‌ని అడిగాను. వాళ్లకీ బోణీ ఉందట, 'మో హాంగ్' అంటారట. తొలి బేరం చెడితే ఆ రోజు వ్యాపారమే సాగదని నమ్మకం. ఆ చెడు పోవాలని కాగితం కాలుస్తారు. నా మనసు చివుక్కుమంది. ఇన్నేళ్లూ బోణీ నోటు కళ్లకద్దుకున్నాకే గల్లాపెట్టెలో వేసినవాణ్ని నేను.

బేరమే ఆడొద్దని అనను. టూరిస్టులకి ధర పెంచే చెబుతారు. సైగాన్‌లో, బెన్ థాన్ మార్కెట్‌లో 3.5 లక్షల డాంగ్‌లు (వాళ్ల డబ్బు) చెప్పిన చొక్కాని నేను 2 లక్షలకి తెచ్చుకున్నాను. కానీ అది సాయంత్రం వేళ, కొనాలనే అడిగాను. గుడ్డ పట్టుకుంటే అసలు ఎంతుంటుందో నాకు తెలుస్తుంది, కొట్టు ఆయనకీ నాలుగు డబ్బులు మిగిలేలా అడిగాను.

నిజానికి డబ్బు పోయేది వేరేచోట. 20 వేల నోటు, 5 లక్షల నోటు రెండూ నీలమే, రెండిటి మీదా హో చి మిన్ బొమ్మే. మొదటిది మన లెక్కలో సుమారు 70 రూపాయలు, రెండోది సుమారు 1,700. కొబ్బరిబోండానికి మా ఆవిడ 20 వేలనుకుని 5 లక్షల నోటిచ్చింది. బోండాలమ్మే పెద్దావిడ వెంటబడి వచ్చి మరీ తిరిగిచ్చింది! కార్డు మెషీన్ రూపాయల్లోనా, డాంగ్‌లలోనా అని అడిగితే డాంగ్‌లే నొక్కండి. రూపాయల్లో కడితే మారకం రేటులో నష్టపోతాం. ఇ-వీసా కూడా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో 25 డాలర్లే. మా అల్లుడి స్నేహితుడు ఒక ఏజెంటుకి దానికి రెట్టింపు కట్టాడు. స్కార్ఫు మీద మిగుల్చుకున్న వంద రూపాయలు వీటిలో ఏ మూలకి?

టూర్లు నడిపేవాళ్లు ఈ బోణీ సంగతి బస్సులోనే చెప్పాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఊరికే చూడాలనుకుంటే పది దాటాక వెళ్లండి. పొద్దున్నే వెళ్తే మాత్రం, బేరం మొదలుపెట్టిన మొదటి కొట్లో చిన్నదైనా ఒకటి కొనండి.

— విశ్రాంత బట్టల వ్యాపారి, గవర్నర్‌పేట, విజయవాడ