పేరు తెలియని మీకు

ఆ రాత్రి బస్టాపులో నా సంచి లాక్కోబోయిన ఇద్దరికీ నాకూ మధ్య వచ్చి నిలబడిన మీకు నిండు మనసుతో కృతజ్ఞతలు.

మీరు వాళ్లపై చేయెత్తలేదు, అరవలేదు. నన్ను మీ వెనక్కి రమ్మన్నారు. చూస్తూ నిలబడ్డవారిలో ఒకరి వైపు చేయి చూపి, "నీలం చొక్కా వేసుకున్న మీరే, పోలీసులకు ఫోన్ చేయండి" అన్నారు. ఆయన ఫోన్ తీశారు. మరో ఇద్దరు ముందుకొచ్చారు. దాంతో ఆ దొంగలు పారిపోయారు.

జనం ఎక్కువయ్యే కొద్దీ ఎవరో ఒకరు కదులుతారులే అని ప్రతివారూ ఆగిపోతారని 1968లో డార్లీ, లతానే అనే మనస్తత్వవేత్తలు ప్రయోగాల్లో చూపించారు. మీరు ఒక మనిషిని ఎంచి అడగడంతో ఆ బాధ్యత ఆయనదైంది. ఎంత తెలివైన పని!

నగరవాసులవి రాతిగుండెలంటే నేను ఒప్పుకోను. 1964లో న్యూయార్క్‌లో ఒక యువతి హత్యను 38 మంది చూస్తూ ఊరుకున్నారన్న కథనం అతిశయోక్తి అని తర్వాత తేలింది. మూడు దేశాల నగరాల్లో వీధి కెమెరాలకు చిక్కిన 219 గొడవలను పరిశీలించిన అధ్యయనం 2019లో వెలువడింది. పదింట తొమ్మిదింటిలో కనీసం ఒకరైనా కల్పించుకున్నారు. అలాగని వీధులన్నీ సురక్షితమని కాదు. దీపాలు వెలగాలి, గస్తీ తిరగాలి, ఆ పని ప్రభుత్వానిదే. కానీ పోలీసులు చేరేలోపు గడిచే ఆ కొద్ది నిమిషాలు మాత్రం పక్కనున్నవారి చేతిలోనే ఉంటాయి.

నేను తేరుకునేసరికి మీరు వెళ్లిపోయారు. నాకు దెబ్బలేమీ తగలలేదు. ఫిర్యాదు ఇచ్చాను. నీలం చొక్కా ఆయన సాక్ష్యం చెబుతానన్నారు.