కొట్టంతో పొలం కొనేముందు లింకు దస్తావేజులు మొత్తం చదవండి

సంపాదకులకు,

ఎకరమో రెండెకరాలో పొలం, అందులో ఒక పశువుల కొట్టం, బోరు. పట్నంలో ఉద్యోగాలు చేసేవాళ్ళు ఇలాంటి ఆస్తి కొనడం ఇప్పుడు మామూలైపోయింది. కొట్టాన్ని గోదాముగా మార్చుకోవాలనో, దానిమీద రెండు గదులు వేసి సెలవులకు వచ్చిపోవాలనో వాళ్ళ ఆలోచన. ఈసీ (ఆస్తిమీద రిజిస్టరైన లావాదేవీల జాబితా పత్రం) తీయిస్తారు, పాసుపుస్తకం చూస్తారు, అప్పుల్లేవని తేల్చుకుని రిజిస్ట్రేషన్ చేయించుకుంటారు. పని మొదలయ్యాక పక్క పొలం ఆసామి వచ్చి, పాతికేళ్ళ కిందటి దస్తావేజు నకలు చూపించి, కొట్టం ఎత్తు పెంచే హక్కు మీకు లేదంటాడు. ఈసీలో అలాంటి మాటే లేదే అని కొన్నవాళ్ళు తెల్లబోతారు.

ఈసీలో ఆ మాట ఉండదు. ఏ తేదీన, ఎవరు ఎవరికి, ఏ సర్వే నంబరులో ఎంత భూమి రాసిచ్చారు, అది అమ్మకమా తాకట్టా దానమా, ప్రతిఫలం ఎంత అన్నంతవరకే అందులో కనిపిస్తుంది. దస్తావేజు లోపల రాసుకున్న షరతులు అందులోకి ఎక్కవు. లావాదేవీలేవీ లేవని వచ్చే ‘నిల్ ఈసీ’ చూసి ఆస్తికి ఏ ఆంక్షా లేదనుకోవడం ఈ కొనుగోళ్ళలో జరిగే పెద్ద పొరపాటు.

చట్టం ఏమంటుందో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఊళ్ళో దీనిమీద రెండు తప్పుడు అభిప్రాయాలున్నాయి. ‘కొన్నాక నా ఇష్టం, పాత షరతులు చెల్లవు’ అనేది ఒకటి. ‘కాగితంలో రాశారు కాబట్టి ప్రతి షరతూ చెల్లుతుంది’ అనేది రెండోది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, సర్వహక్కులతో ఆస్తి ఇచ్చేసి దాన్ని ఫలానా విధంగానే అనుభవించాలని షరతు పెడితే, కొన్నవాడు దాన్ని పక్కన పెట్టవచ్చు. అయితే అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. అమ్మినవాడు తన దగ్గర అట్టిపెట్టుకున్న మరో భూమి అనుభవానికి ఇబ్బంది రాకుండా ఆ షరతు పెట్టి ఉంటే, అది చెల్లుతుంది. అంటే ఇల్లూ ముందు చెక్కా తనకు ఉంచుకుని, వెనక కొట్టం ఉన్న చెక్క అమ్మిన రైతు ‘ఇక్కడ కోళ్ళఫారం పెట్టరాదు’ అని రాయించుకుంటే దానికి బలం ఉంది. ఊరు వదిలి, ఉన్నదంతా అమ్ముకుని వెళ్ళిపోయినవాడు అదే మాట రాస్తే దానికి ఆ బలం ఉండదు.

తర్వాతి ప్రశ్న, ఆ చెక్క చేతులు మారితే? దీనికి 40వ సెక్షన్ చూడాలి. షరతు సంగతి తెలిసి కొన్నవాడి మీదా, ఉచితంగా పుచ్చుకున్నవాడి మీదా అది అమలవుతుంది. డబ్బిచ్చి, ఆ సంగతి తెలియకుండా కొన్నవాడి మీద అమలు కాదు. ‘నాకు తెలియదు’ అంటే సరిపోతుందని ఇక్కడే చాలామంది పొరబడతారు. రిజిస్టరైన దస్తావేజులో ఉన్న సంగతి కొనేవాడికి తెలిసినట్టే లెక్క అని అదే చట్టం 3వ సెక్షన్ వివరణ చెబుతుంది. చదవకపోవడం రక్షణ కాదు. ఆస్తి ఎవరి స్వాధీనంలో ఉందో వాళ్ళకున్న హక్కు కూడా కొనేవాడికి తెలిసినట్టే భావిస్తారు. అందువల్ల కొట్టంలో అమ్మేవాడివి కాని గేదెలు కట్టేసి ఉన్నా, పక్కనే వేరేవాళ్ళ గడ్డివామి ఉన్నా, ‘మన పాలేరువేలెండి’ అనే జవాబుతో సరిపెట్టుకోకూడదు. వాటి యజమాని దగ్గరికే వెళ్ళి అడిగి, తనకు కౌలు గానీ మరే హక్కు గానీ లేదని రాతపూర్వకంగా తీసుకోవాలి.

ఇక చదవాల్సినవి. ఇప్పటి అమ్మకందారుకు ఆస్తి ఎలా వచ్చిందో అక్కడినుంచి వెనక్కి కనీసం 30 ఏళ్ళ లింకు దస్తావేజులన్నిటికీ సర్టిఫైడ్ నకళ్ళు తీయాలి. జిరాక్సులు వద్దు, వాటిలో ఒక పేజీ తక్కువైనా తెలియదు. 1983కు ముందువి కంప్యూటర్‌లో దొరకవు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించాల్సిందే. తెలంగాణలో ఇంకో చిక్కుంది. 2020 నవంబరు నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు తహసీల్దారు ఆఫీసుకు మారాయి. ప్రభుత్వ భూమి రికార్డుల పోర్టల్ ధరణి పోయి 2025లో భూభారతి వచ్చినా అక్కడే జరుగుతున్నాయి. కాబట్టి వెతకడం రెండుచోట్లా జరగాలి. పోర్టల్‌లో వచ్చినదాంతో ఆగిపోతే 2020కి ముందటి కథంతా మిగిలిపోతుంది.

షరతులు దస్తావేజులో ఎక్కడ ఉంటాయో కూడా తెలిసి ఉండాలి. ప్రతిఫలం ముట్టినట్టు రాసిన పేరా తర్వాత ‘దాన విక్రయాది సర్వహక్కులతో పుత్రపౌత్ర పారంపర్యంగా’ అనే వాక్యం వస్తుంది. చాలామంది అక్కడ చదవడం ఆపేస్తారు. దాని కిందనే ‘అయితే’ అని మొదలయ్యే నాలుగు పంక్తులు ఉండవచ్చు. షెడ్యూలులో నాలుగు హద్దులు రాశాక, కొలతల కింద, సాక్షుల సంతకాలకు ముందు కూడా చేరుస్తారు. పంపకాల దస్తావేజుల్లో అయితే ఇవి ‘ఎ’ షెడ్యూలు వాటాదారు గురించి ‘బి’ షెడ్యూలులో ఉండటం కద్దు. మన వాటా పేజీలు మాత్రమే చదివితే దొరకవు.

కొట్టాల విషయంలో తరచూ కనిపించే షరతు చూరు నీళ్ళది. ‘సదరు కొట్టం పడమటి చూరు ఇప్పుడున్న దానికంటే ముందుకు జరపరాదు, ఆ వైపు కిటికీలు పెట్టరాదు’ అని రాస్తారు. చదవడానికి చిన్న విషయంలా ఉంటుంది. పెంకులు తీసి రేకులు వేసేటప్పుడు వాన జల్లు గోడ తడపకుండా ఎవరైనా చూరు అడుగున్నర పొడిగిస్తారు. షరతు అక్కడే ఉల్లంఘన అవుతుంది. రేకు మీద నీళ్ళు పెంకు మీదకంటే వేగంగా జారి దూరంగా పడతాయి కాబట్టి పక్క చేను గట్టు కోసుకుపోతుంది, అవతలివాళ్ళకు గొడవపడటానికి కారణమూ దొరుకుతుంది. చూరు జరపకుండా, పాత అంచుకు లోపలే కాలువ బిగించి గొట్టంతో మన వైపుకు దించుకుంటే ఈ తగువే రాదు.

బాట సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. దస్తావేజులో ఒక్క మాట లేకపోయినా, పక్క రైతు మన కొట్టం పక్కనుంచి 20 ఏళ్ళు బహిరంగంగా, ఎవరి అనుమతీ అడగకుండా, హక్కుగా, ఆటంకం లేకుండా బండి తోలుకుంటూ ఉంటే, దారి హక్కు సంపాదించుకుని ఉండవచ్చు. కాగితం చూస్తే ఇది తెలియదు. నేలమీద బండి చాళ్ళు చూడాలి, కోతల కాలంలో ఒకసారి వెళ్ళి ఎవరు ఎటు పోతున్నారో గమనించాలి.

‘ఎవరికీ ఎప్పటికీ అమ్మరాదు’ అనే షరతు కనిపిస్తే కంగారుపడనక్కర్లేదు. అమ్మకాన్ని పూర్తిగా నిషేధించే షరతు ఆస్తి బదిలీ చట్టం 10వ సెక్షన్ కింద చెల్లదు. ‘అమ్మితే ముందు ఫలానా అన్నదమ్ములకు చెప్పి అమ్మాలి’ అనేది వేరు సంగతి. దానిమీద దావా పడే అవకాశం ఉంది కాబట్టి, మాకు అక్కర్లేదని వాళ్ళచేత రాయించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వాలి.

అడ్డొచ్చే షరతును తీయించుకోవడానికి మంచి దారి ఒకటే: దానివల్ల లాభపడే భూమికి ఈ రోజున యజమానులైన వారందరూ సంతకాలు చేసి విడుదల దస్తావేజు రిజిస్టరు చేయించడం. ఆనాడు షరతు రాయించుకున్నాయన చనిపోతే వారసులందరూ, అమ్మేసి ఉంటే కొన్నవారు సంతకం పెట్టాలి. ఒక్క కూతురి సంతకం తగ్గినా పని పూర్తికానట్టే. మనకు అమ్మే మనిషి ‘నేను రద్దు చేస్తున్నాను’ అని రాసినంత మాత్రాన ఏమీ కాదు, ఆ హక్కు ఆయనది కాదు గనక. షరతును పట్టించుకోకుండా కట్టేస్తే అవతలివాళ్ళు ఇంజంక్షన్ (పని ఆపమనే కోర్టు ఉత్తర్వు) తెచ్చుకుంటారు. కట్టినదాన్ని కూలగొట్టమని ఆదేశించే అధికారం కూడా కోర్టుకు నిర్దిష్ట ఉపశమన చట్టం 39వ సెక్షన్ కింద ఉంది. విడుదల దస్తావేజు మనం కొనేముందే జరగాలి. కొన్నాక అడిగితే దాని ధర పెరుగుతుంది, పక్కవాళ్ళకూ లెక్కలు తెలుసు.

సర్కారు ఆంక్షల గురించి అందరికీ కొంత తెలుసు కనక క్లుప్తంగా. భూమి అసైన్డా (ప్రభుత్వం పేదలకు ఇచ్చిందా) కాదా, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో ఉందా చూడాలి. ఏజెన్సీ ప్రాంతమైతే 1970 నాటి ఒకటవ రెగ్యులేషన్ ప్రకారం గిరిజనేతరులకు కొనే హక్కే లేదు. అమ్మేవాళ్ళ పేరు మీద కోర్టు కేసులున్నాయేమో ఈ-కోర్టుల సైటులో వెతకాలి. కేసు నడుస్తుండగా కొంటే తీర్పుకు మనమూ కట్టుబడాలి. అసలు కాగితాలు కళ్ళారా చూడాలి, అవి బ్యాంకులో కుదువలో ఉంటే చేతికి జిరాక్సులే వస్తాయి.

ఇప్పుడు కొట్టం. ముందు తేల్చాల్సింది, అమ్మకంలో ఏమేం మనకు వస్తాయన్నది. వేరే విధంగా రాసుకోకపోతే, నేలలో పాతుకుని ఉన్నవన్నీ భూమితోపాటే కొన్నవాడికి చెందుతాయని ఆస్తి బదిలీ చట్టం 8వ సెక్షన్ చెబుతుంది. గోడలు, సిమెంటు చేసిన గాడి, తొట్టి మనవే. గొడవంతా బోల్టులతో బిగించినవాటి దగ్గరే: చాఫ్ కట్టరు, నీళ్ళ ట్యాంకు, మోటారు, స్టార్టరు బాక్సు, కొన్నిచోట్ల విప్పి తీసుకెళ్ళగల ఇనుప షెడ్డు మొత్తం. రిజిస్ట్రేషన్‌కూ స్వాధీనానికీ మధ్య రాత్రికి రాత్రి మోటారు పైకి లాగేసిన అమ్మకందార్లకు మన ఊళ్ళలో కొదవలేదు. అందుకే అగ్రిమెంటుకు ఒక జాబితా జతచేసి, హార్స్‌పవరు, ఎన్ని అడుగుల పైపు, ఎన్ని రేకులు అని రాసుకుని, ఫొటోలమీద ఇద్దరూ సంతకం పెట్టాలి.

షెడ్డు బలం పైకి చూస్తే తెలియదు, స్తంభాల అడుగున చూడాలి. పశువుల మూత్రం, కడిగిన నీళ్ళు అక్కడే నిలుస్తాయి కాబట్టి ఇనుప పైపు నేలనుంచి జానెడు ఎత్తు వరకు ముందు తుప్పు పడుతుంది. పైన రంగు వేసి ఉంటే కనపడదు. స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడిచి చూడాలి. లోపలికి దిగితే ఆ స్తంభం మార్చాల్సిందే. కర్ర దూలాలైతే గోడలో దూరినచోట చెద చూడాలి. రేకులు పట్టుకునే జె-బోల్టులు వదులుగా ఉంటే గాలివానకు మొదట లేచేది అంచు రేకే. పాత సిమెంటు రేకుల్లో, పొడి పీలిస్తే హాని చేసే ఆస్బెస్టాస్ ఉంటుంది. వాటిని పగలగొట్టకుండా, తడిపి, విడిగా దించాలి. ఇంకొకటి, నేల వాలు. పశువులకోసం మూత్రం కాలువ వైపు 40 అడుగులకు ఒక అడుగు చొప్పున వాలుగా వేస్తారు. అది గోదాముకు పనికిరాదు, బస్తాల వరసలు ఒరుగుతాయి. ఆ నేల మళ్ళీ వేయించే ఖర్చు బేరంలోనే తగ్గించుకోవాలి. సర్వేయరుతో కొలిపించేటప్పుడు పొలం గట్లతోపాటు కొట్టం నాలుగు మూలలూ సర్వే నంబరు కొలతల పటం (ఎఫ్ఎంబీ, తెలంగాణలో టిప్పన్) మీద గుర్తు పెట్టించండి. మూల ఒకటి పక్కవాడి నంబరులోకి వెళ్ళి ఉండటం అరుదేమీ కాదు.

కరెంటు సంగతి ఒక్కటి. వ్యవసాయ మోటారు సర్వీసు నుంచి కొట్టానికీ గదులకూ తీగ లాగడం విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వాడకం. రెట్టింపు టారిఫ్ లెక్కగట్టి బిల్లు వేస్తారు. అమ్మేవాడి బకాయిలు ఉంటే, నిబంధనల్లో అలా ఉన్నచోట కొత్త యజమాని నుంచి వసూలు చేయవచ్చని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. కాబట్టి బకాయిల్లేవనే నో డ్యూస్ పత్రం లేకుండా చివరి విడత చెల్లించవద్దు.

ఇవన్నీ కొనేవాళ్ళు చేసుకోవాల్సిన పనులు. రెండు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ల శాఖలను అడగాల్సింది ఒకటుంది. రిజిస్ట్రేషన్ వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించేటప్పుడు ‘అనుభవంపై ప్రత్యేక షరతులు: ఉన్నాయి / లేవు’ అనే ఒక గడి చేర్చి, అది ఈసీలో కనిపించేలా చేయాలి. షరతు మొత్తం అచ్చువేయనక్కర్లేదు. ‘ఉన్నాయి’ అని ఉంటే కొనేవాళ్ళు ఆ దస్తావేజు నకలు తీసి చదువుకుంటారు. దానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదనే మా అభిప్రాయం.

ఇట్లు,
ఒక దస్తావేజు లేఖరి